ఫంక్షను పిలుపునకయ్యెడి వెల

నేటి ప్రసంగము పేరు వినగానే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఫంక్షను పిలుపునకయ్యెడి వెల యనగా శుభలేఖల అచ్చుకూలి, పసుపు కుంకుమలు, ఊరూర తిరుగుటకు బండి బాడుగ అని తోచుట సహజమే. మన యూళ్లలో ఫంక్షనన్న పెండ్లియో, ఓణీల వేడుకయో, గృహప్రవేశమో. వానికొఱకే పల్లెపల్లెను ఫంక్షను హాళ్లు వెలసినవి. కాని కంప్యూటరుతో పనిచేయువారు ఆ మాటనే వేఱొక యర్థమున వాడుచున్నారు. మీ కుమారుడో మనుమరాలో మాదాపురమున గొలువు చేయుచు, సెలవులకు వచ్చినప్పుడు ఫోనులో నెవరితోడనో "ఆ ఫంక్షనును కోటిసార్లు పిలుచుచున్నాము, అందుకే యాలస్యము" అనుట మీరు వినియుందురు. కోటిసార్లు పిలువవలసిన ఫంక్షనేది? పిలిచినందుల కెంత యగును? ఆ వెలకు వెఱచి పిలువకుండుట న్యాయమా? ఇవి నేను జెప్పదలచిన సంగతులు.

నేను హైదరాబాదు పాతబస్తీలోని దబీర్‌పురా వాడను. మలక్‌పేట, యాకుత్‌పురా రైలు స్టేషన్ల నడుమ మా పేట స్టేషనున్నది. దబీర్ అను పారసీక పదమునకు వ్రాయసకాడు, దర్బారు ఉత్తర ప్రత్యుత్తరములు నడపు మునిషీ అని యర్థము. కుతుబ్‌షాహీల కడపటి కాలమున ఫర్మానాలను పారసీకముతోపాటు తెలుగునను వ్రాయించెడివారు. కనుక ఒకని చేతిలోని వ్రాతపని మఱియొకని చేతికి బోయి తిరిగి వచ్చుట యీ నగరమునకు క్రొత్త కాదు. నగరమును చుట్టియున్న ప్రాకారము మొదటి నిజాము కాలమున ముగిసినది; ఇప్పుడది చాలవఱకు రూపుమాసినది. దాని దర్వాజాలలో నేటికిని నిలిచియున్నవి పురానాపూలు దర్వాజాయు, మా దబీర్‌పురా దర్వాజాయు మాత్రమే. వ్రాయసకాడును, దర్వాజాయును ఈ రెంటితోడనే నేటి విషయమును జెప్పవచ్చునని నాకు దోచినది.

ప్రాసెసరనగా కంప్యూటరునకు ప్రాణమువంటి సిలికాను బిళ్ల. దానిని మనమొక దబీరుగా నెంచుకొందము. ఈ దబీరు స్వబుద్ధితో నేమియు చేయడు. పుస్తకమున వ్రాసియున్న యాజ్ఞలను వరుసగా జదివి యట్లే నడపును. "ఈ గూటిలోని సంఖ్యను ఆ గూటిలోని సంఖ్యకు గూడుము, ఫలితము సున్న యైనచో నలువదవ పుటకు బొమ్ము" ఇట్టి చిన్న చిన్న యాజ్ఞలే అవి. ఆ పుస్తకమునే ప్రోగ్రామందురు. దబీరు ముందున్న బల్లపై గూళ్లు కొలదిగా నుండును. ఇంటెల్, ఏఎండీ జాతి ప్రాసెసర్లలో మామూలు లెక్కలకు 16 గూళ్లు. సెల్‌ఫోనులలో వాడు ఏఆర్ఎమ్ జాతి ప్రాసెసర్లలో 31. వీనిని రిజిష్టర్లందురు. పట్వారి బస్తాలోని రిజిష్టరు వేఱు, ఇది వేఱు. ఇందొక్కొకటి యొక్క సంఖ్యను మాత్రమే పట్టును. తక్కినవెల్ల మెమొరీ యను గోదాములో నుండును.

ఈ దబీరు వేగమును మనస్సునకు దెచ్చుకొనుట కష్టము. భజనలో తాళము పడినట్లు ప్రాసెసరులోపల నొక తాళము పడుచుండును. సాధారణమైన యంత్రమున సెకనునకు 300 కోట్ల తాళములు. వెలుతురు సెకనునకు 3 లక్షల కిలోమీటర్లు పోవునని మీరెఱుగుదురు. అట్టి వెలుతురు ఒక్క తాళము వ్యవధిలో పది సెంటీమీటర్లు మాత్రమే పోగలదు, జానెడైనను గాదు. సెకనులో నూఱుకోట్లవ వంతును నానోసెకనందురు. నానోసెకనునకు మూడు తాళములని గుఱుతుంచుకొనిన జాలును.

ఇక ఫంక్షను. ఒక గ్రామపు భూముల లెక్కలు వేయు ప్రోగ్రామున్నదనుకొనుడు. ప్రతి కమతమునకును గుంటలను ఎకరములుగా మార్చవలయును. నలువది గుంటలొక యెకరమని మీకు జెప్పనక్కఱలేదు. ఈ మార్చు విధానమును పుస్తకమునందు వేయిచోట్ల వ్రాయుటకంటె నొక్కచోట వ్రాసి, దానికొక పేరుపెట్టి, కావలసినప్పుడెల్ల నా పుటకు బోయి చేసికొని వచ్చుట మేలు. అట్లు పేరుపెట్టి యొక్కచోట వ్రాసిన విధానమే ఫంక్షను. ఆ పుటకు బోవుటయే పిలుపు. తప్పు దొర్లినచో నొక్కచోట దిద్దిన సరిపోవును. పది లక్షల పంక్తుల ప్రోగ్రాములను మనుష్యులు వ్రాసి నిలువబెట్టగలుగుట యీ యేర్పాటువలననే గాని మఱియొకదానివలన గాదు.

అయితే పోయి వచ్చుట యూరక జరుగదు. దబీరొక్కడే, బల్లయు నొక్కటే. అతడు తన పుటను వదలి గుంటల లెక్క పుటకు బోవలయునన్న మొదట ఇవ్వవలసిన సంఖ్యలను నియమిత గూళ్లలో నుంచవలయును. తాను విడిచిపోవు పంక్తి యేదో చీటీపై వ్రాసికొనవలయును. లేనిచో తిరిగి యెచ్చటికి రావలయునో తెలియదు. బల్లపై సగము చేసిన లెక్కలున్నచో క్రొత్త పని వానిని చెఱపును గనుక వానిని దీసి ప్రక్కన బేర్చవలయును. పోయి పనిచేసి, మరల నా గూళ్లను యథాస్థానమున నింపి, చీటీ చూచుకొని తిరిగి రావలయును. చీటీలను, పాత లెక్కలను బేర్చు చోటును స్టాకందురు. ధాన్యపు బస్తాల దొంతరవలె దానిలో చివర బెట్టినది ముందుగా దీయవలయును. ఒక ఫంక్షను మఱియొకదానిని, అది వేఱొకదానిని పిలిచినకొలది దొంతర యెత్తగుచుండును. ఫంక్షను తన్ను దానే పిలుచుకొనుటయు గలదు; ఎచ్చట నాగవలెనో వ్రాయుట మఱచినచో దొంతర గోదాము కప్పును దాకి ప్రోగ్రాము కూలును. క్రొత్తగా నేర్చువారి కిది తప్పని యనుభవము.

తొలి యంత్రములలో నీ చీటీ వ్రాసికొనుటయే పెద్ద సమస్య. ఇంగ్లండులో ఆలన్ ట్యూరింగు తాను తలపెట్టిన యంత్రమునకు వ్రాసిన ప్రణాళికలో, తిరిగి రావలసిన చోటును పాతిపెట్టుట, త్రవ్వి తీయుట యను పేర్లతో నిప్పటి స్టాకునే సూచించినాడు. అది 1945వ సంవత్సరపు మాట. కేంబ్రిడ్జిలో 1949 మే నెలలో ఎడ్సాక్ అను యంత్రము నడచినప్పుడు చీటీ పెట్టుకొను చోటు దానికి లేదు. డేవిడ్ వీలర్ అను యువకుడు చిత్రమైన యుపాయము పన్నెను. పిలువబడిన ఫంక్షను మొట్టమొదట తన చివరి పంక్తిని దానే చెఱిపి, తన్ను బిలిచినవాని చోటునకు బొమ్మని తిరుగవ్రాసికొనును. పిమ్మట పని మొదలుపెట్టును. అనగా పిలిచిన ప్రతిసారి పుస్తకమునే దిద్దుట. వినుటకు మోటుగా నున్నను అప్పటి యంత్రమున కంతకు మించిన తెలివి లేదు. నేటి ఫంక్షనుల పద్ధతికి వీలరునే మూలపురుషునిగా జెప్పుదురు.

తరువాతి యంత్రములు పిలుపునకై ప్రత్యేకమైన యాజ్ఞలనే కల్పించుకొన్నవి. వానిలో కొన్ని మంచికి బోయి చెడ్డను దెచ్చినవి. 1977లో వెలువడిన వ్యాక్స్ యంత్రమున పిలుపున కొక పెద్ద యాజ్ఞ యుండెను. అది గూళ్లను దాచుట, లెక్కించుట, గుఱుతులు వేయుట మున్నగు సమస్తమును దానే చేసెడిది. దానివలన పిలుపు మిక్కిలి భారమయ్యెను. పొరుగింటికి నిప్పునకు బోవుచు పెట్టె బేడ సర్దుకొన్నట్లు. ఆ యేడే అమెరికాలో గై స్టీల్ అను పండితుడు, ఫంక్షను పిలుపు సహజముగా ఖరీదైనదను మాట కల్ల యనియు, దోషము పిలుపునందు గాక దానిని జేయించు కంపైలర్ల చేతగానితనమునం దున్నదనియు వాదించుచు నొక వ్యాసము ప్రకటించెను. ఎనుబదులలో వచ్చిన సరళ ప్రాసెసర్లు ఆతని పక్షమునే బలపరచినవి. చిన్న చిన్న యాజ్ఞలే యుంచి, కావలసిన గూళ్లను మాత్రమే దాచుకొనిన పిలుపు చౌకయగునని తేలెను. అయినను పాత భయము పోలేదు. నేటికిని కొందఱు కుఱ్ఱవాండ్రు పిలుపునకు వెఱచి, రెండువేల పంక్తుల పనిని విరామము లేని దండకమువలె నొక్క ఫంక్షనులోనే వ్రాయుచున్నారు. దానిని జదువువారి యవస్థ దేవునికే యెఱుక.

ఇప్పటి ప్రాసెసరు మన కథలోని దబీరువలె నొక్క పంక్తి ముగించి మఱియొక పంక్తి చదువునది గాదు. ఏతాముల వరుసవలె నొక యాజ్ఞ చదువబడుచుండగా, దాని ముందరిది అర్థము చేసికొనబడుచు, అంతకు ముందరిది నడుపబడుచుండును. ఇట్లు పదునైదు ఇరువది మజిలీలలో, తాళమునకు నాలుగైదు యాజ్ఞలు చొప్పున, ఏకకాలమున వందల యాజ్ఞలు ప్రవాహములో నుండును. ఇంతటి ప్రవాహము నిలువకుండవలెనన్న తరువాతి పంక్తి యేదో ముందే తెలియవలయును. పుట మాఱునప్పుడు అది తెలియదు. కనుక ప్రాసెసరు ఊహించును. ఊహ నిజమైనచో నష్టమేమియు లేదు. తప్పినచో నప్పటివఱకు జేసినదంతయు పాఱవైచి మొదటినుండి రావలయును. పదునైదు ఇరువది తాళములు వ్యర్థము. ఆ వ్యవధిలో అఱువది మొదలు నూఱు వఱకు యాజ్ఞలు నడచియుండెడివి.

ఫంక్షనునుండి తిరిగి వచ్చుట ఊహకు కష్టమైన సంగతి. ఒకే ఫంక్షనును వేయిచోట్లనుండి పిలుతురు గనుక తిరిగి పోవలసిన చోటు ప్రతిసారియు మాఱును. చీటీ స్టాకులో నున్నను దానిని దెచ్చి చదువువఱకు ప్రవాహమాగును. 1991లో డేవిడ్ కేలీ, ఫిలిప్ ఎమ్మా యను నిద్దఱు దీనికొక మార్గము ప్రకటించిరి. పిలుపు జరిగిన క్షణముననే ప్రాసెసరు తన లోపల నొక చిన్న రహస్యపు దొంతరలో గూడ నా చోటును గుఱుతు వేసికొనును. తిరుగు ప్రయాణమున నసలు చీటీకై వేచియుండక ఆ గుఱుతునే నమ్మి పరుగెత్తును. పిమ్మట చీటీతో సరిచూచుకొనును. ఇప్పటి ప్రాసెసర్లన్నిటను ఇట్టి యేర్పాటున్నది. ఆ దొంతర చిన్నది. పెక్కింటిలో 16 గుఱుతులు, కొన్నిటిలో 32. అంతకంటె లోతుగా పిలుపులు సాగినచో పాత గుఱుతులు పోవును, తిరుగుదారిలో ఊహలు తప్పును.

ఇట్టి ప్రాసెసర్లను గల్పించు పనిలో కొంతభాగము మన నగరముననే జరుగుచున్నది. ఈసీఐఎల్ సంస్థ 1967లో హైదరాబాదున నెలకొని, పిమ్మట స్వదేశీ కంప్యూటర్లను తయారుచేసెను. నేడు ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్ కంపెనీల యింజనీర్లు నగరపు పడమటి దిక్కున నీ పనియే చేయుచున్నారు. తూర్పున దబీరుల పేట, పడమట నీ సిలికాను దబీరుల నిర్మాతలు!

ఇక వెల లెక్క. చోటు ముందే తెలిసిన నేరు పిలుపు, ఊహ తప్పని తిరుగుదారి, దాచవలసిన గూళ్లు రెండో మూడో: ఇంతయు గలిసి కొన్ని తాళములు, అనగా ఒకటి రెండు నానోసెకన్లు. వేయిసార్లు పిలిచినను, లక్షసార్లు పిలిచినను మనుష్యునకు దెలియనే తెలియదు. నూఱుకోట్లసార్లు పిలిచినప్పుడు ఒకటి రెండు సెకన్లగును. కనుక ప్రశ్న పిలుపు వెల యెంత యని కాదు, పిలిచి చేయించుకొన్న పని యెంత యని. పని వేయి తాళములదైనచో దారిఖర్చు లెక్కకు రాదు. రెండు సంఖ్యలను గూడుట యను నొక్క తాళపు పనికై ఐదు తాళముల ప్రయాణము చేసినచో, సంతలో అర్ధరూపాయి మిరపకాయలకు ఐదు రూపాయల బండి కట్టినట్లగును. అదియును నూఱుకోట్లసార్లు కట్టినప్పుడే బాధ.

పోవలసిన చోటు పుస్తకమున వ్రాసియుండక, గోదాములో జూచి తెలిసికొనవలసిన పిలుపులున్నవి. ఒకే పేరుతో పలువిధముల వస్తువులకు పలు ఫంక్షనులుండు భాషలలో నివి తఱచు. వస్తువులన్నియు నొకే జాతివైనంతకాలము ప్రాసెసరు గతానుభవమును బట్టి సరిగానే యూహించును. కలగాపులగముగా వచ్చినచో ఊహ తప్పి, పైన జెప్పిన యిరువది తాళముల జరిమానా పడుచుండును. అనుభవజ్ఞులు వస్తువులను ముందుగా జాతులవారీగా విడదీసి పిమ్మట లెక్క నడపుట యిందుకొఱకే.

దారిఖర్చును దప్పించుకొను పాత యుపాయమొకటి యున్నది. మనుష్యులు వ్రాసిన ప్రోగ్రామును ప్రాసెసరు యాజ్ఞలుగా మార్చునది కంపైలరు. అది చిన్న ఫంక్షనులను జూచినప్పుడు "ఈ మూడు పంక్తులకై పోయి వచ్చుటయేల?" యని, ఆ పంక్తులనే తెచ్చి పిలిచిన చోట నాటును. ఇది ప్రాకారము పడగొట్టినట్టిది. దర్వాజా దూరు పని యుండదు. ఇందు దారిఖర్చు మిగులుటకంటె పెద్దలాభము మఱియొకటి గలదు, దానిని పలువురు గుర్తింపరు. గోడ యున్నంతకాలము లోపలి వాని సంగతి వెలుపలి వానికి దెలియదు. గుంటల లెక్కలో భాజకమును కూడ పిలిచినవాడే యిచ్చుననుకొనుడు. ఫంక్షను పుటలో నది యే సంఖ్యయో తెలియదు గనుక నిజముగా భాగహారము చేయవలయును. పాత ప్రాసెసర్లలో దాని కిరువది ముప్పది తాళములు. గోడ పడగొట్టిన వెంటనే భాజకమెల్లప్పుడు 40 అని కంపైలరునకు గానవచ్చును. అప్పుడది భాగహారమును మాని, ముందుగా సిద్ధము చేసిన యొక సంఖ్యతో గుణించి జరుపును. గుణకారమునకు మూడు నాలుగు తాళములే. అంతటితో నాగక, ఎనిమిది కమతముల లెక్కను ఒక్క యాజ్ఞతో నేకకాలమున జేయించుటకును దారి దొరకును. పిలుపు నిలిచియున్నంతకాలము ఈ లాభములన్నియు గోడ కావలనే యుండిపోవును. కాబట్టి పిలుపు నిజమైన వెల అది తిన్న తాళములలో గాక, అది కంపైలరు కన్నులకు గట్టిన గంతలో నున్నదని నా యభిప్రాయము.

అట్లని యన్ని గోడలను పడగొట్టరాదు. ఒకే విధానమును వేయిచోట్ల నాటినచో పుస్తకము ఉబ్బును. దబీరు చేతికందునంత దగ్గఱగా నుంచుకొనగల పుటలు కొలదియే. పెక్కు ప్రాసెసర్లలో 32 కిలోబైట్లు. అందు పట్టనివి రెండవ యరనుండి తేవలసినచో పదునాలుగు తాళములు, గోదామునుండియైనచో రెండువందలు, అంతకు మించియు పట్టవచ్చును. ఐదు తాళముల దర్వాజాను దప్పించుకొనబోయి రెండువందల తాళముల గోదాము ప్రయాణము దెచ్చుకొనుట తెలివిగాదు. అందుచే కంపైలర్లు చిన్న ఫంక్షనులను మాత్రమే, తఱచు నడచు చోట్ల మాత్రమే యట్లు నాటును.

ఇంతవఱకు వేగమును గుఱించి చెప్పితిని. భద్రతను గుఱించియు జెప్పవలయును, ఏలయన మీ పట్టాదారు పుస్తకపు వివరములు, బ్యాంకు ఖాతాలు ఈ దబీరుల చేతిలోనే యున్నవి. తిరిగి వచ్చు చోటు వ్రాసిన చీటీ స్టాకులో మామూలు లెక్కల ప్రక్కనే యుండునని చెప్పితిని గదా. అజాగ్రత్తగా వ్రాసిన ప్రోగ్రామునకు పట్టవలసినదానికంటె పొడవైన వ్రాత నందించినచో అది పొంగి చీటీపై బడును. దుర్మార్గుడు తనకు గావలసిన చోటునే చీటీపై బడునట్లు పంపినచో దబీరు తిరిగి యింటికి బోక దొంగ యింటికి బోవును. 1988 నవంబరులో అమెరికాలో మోరిస్ పురుగను పేరు వడసిన ప్రోగ్రాము ప్రయోగించిన యుపాయములలో నిదియొకటి. అప్పటి యింటర్నెట్టులో వేలకొలది యంత్రములు దానివలన స్తంభించినవి. కాలక్రమమున చీటీ ప్రక్కన కాపలా గుఱుతు నుంచుట, తిరిగిపోవునప్పుడది చెదరలేదని చూచుట యలవాటయ్యెను. ఇంటెల్ 2020లో వెలువరించిన కొన్ని ప్రాసెసర్లతో మొదలుపెట్టి, చీటీకొక నకలును వేఱొక చోట భద్రపఱచి సరిచూచు యేర్పాటు ప్రాసెసరులోపలనే వచ్చినది. ఇవన్నియు పిలుపునకు గొంచెము వెల పెంచునవే. ఆ వెల యిచ్చుకొనవలసినదే.

2018 జనవరిలో వెల్లడియైన సంగతి ఇంతకంటె విచిత్రము. ప్రాసెసరు ఊహించి పరుగెత్తుననియు, ఊహ తప్పినచో జేసినది పాఱవైచుననియు చెప్పితిని. పాఱవైచినను ఒక జాడ మిగులునని పరిశోధకులు కనిపెట్టిరి. తప్పుడు దారిలో గోదామునుండి తెచ్చిన వస్తువు చేతిదగ్గఱ యరలోనే యుండిపోవును. ఏ వస్తువు త్వరగా దొరకుచున్నదో కాలము గొలిచి, పొరుగువాని రహస్యమును పసిగట్టవచ్చును. దీనికి స్పెక్టర్ అని పేరు. ఒకే యంత్రముపై పలువురి పనులు నడచు నీ కాలమున నిది చిన్న దోషము గాదు. దీనికి విరుగుడుగా గూగులు ఇంజనీర్లు, గోదాములో జూచి పోవు పిలుపులను మఱియొక విధముగా ద్రిప్పి వ్రాసి, ప్రాసెసరు ఊహ యెచ్చటికిని పోక యొక్కచోటనే తిరుగునట్లు జేసిరి. ఊహ లేనిచో వేగము లేదు. ఆ పిలుపులు నాలుగైదు రెట్లు, ఒక్కొకచోట నంతకు మించియు, ప్రియమైనవి. పిమ్మట వచ్చిన ప్రాసెసర్లలో వేఱు రక్షణలు వచ్చి యీ భారము కొంత తగ్గినది.

మీకు నేరుగా సంబంధించిన పిలుపు మఱియొకటి యున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కచేరీలలోనికి కంప్యూటర్లు 1998లో వచ్చినవి. పిదప మీసేవ, తెలంగాణమున 2020లో ధరణి, 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినవి. కిటికీ ముందు మీరు నిలిచియుండగా తెరపై చక్రము తిరుగుచుండును. "యంత్రము పాతది, క్రొత్తది కొనవలయును" అని యెవరైన నన్నచో నీ లెక్క జ్ఞాపకముంచుకొనుడు. ప్రాసెసరులోపలి పిలుపు ఒక నానోసెకను. దానిని మన కొలతకు ఒక సెకనుగా బెంచినచో, గోదామునుండి యొక సంఖ్య దెచ్చుట నిమిషమున్నర పైమాట. ఒకే భవనమందలి మఱియొక యంత్రము నడిగి సమాధానము దెచ్చుకొనుట కైదాఱు దినములు. హైదరాబాదునుండి అమెరికాలోని యంత్రము నడిగి వచ్చుట సుమారెనిమిది సంవత్సరములు! ఇది వాస్తవమున సెకనులో నాలుగవ వంతే. గాజుతీగలలో వెలుతురు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోవును గనుక దీనిని మిక్కిలిగా దగ్గించుట యెవరికిని సాధ్యము గాదు.

ప్రోగ్రాము వ్రాయువానికి పై రెండు పిలుపులును ఒక్క పంక్తిగానే కనబడును; అందే చిక్కున్నది. ఒక గ్రామమున 300 సర్వే నంబర్లున్నవనుకొనుడు. ఒక్కొక నంబరునకు వేర్వేరుగా దూరపు యంత్రము నడుగుచు పోయినచో, ప్రశ్నకు సెకనులో నిరువదవ వంతు చొప్పున, పదునైదు సెకన్లు మీరు నిలువబడవలయును. మున్నూఱింటిని ఒక్క జాబితాగా నడిగినచో సెకనైనను బట్టదు. పట్నము పోవువాడు ఊరివారందఱి సరకుల చీటీలు గలిపికొని పోడా? పదునైదు సెకన్ల ప్రోగ్రామునకు ఎంత క్రొత్త ప్రాసెసరు దెచ్చి పెట్టినను పదునైదు సెకన్లే, ఏలయన కాలమంతయు దారిలో గడచుచున్నది. ప్రజల సొమ్ముతో యంత్రములు కొనుమాట వచ్చినచోట, "కాలము లోపల బోవుచున్నదా, దారిలో బోవుచున్నదా, కొలిచితిరా?" యని యడుగు హక్కు కిటికీ ముందు నిలిచిన రైతునకు లేకపోలేదు.

కొలుచుట కష్టము గాదు. ఆసక్తిగలవారు పండుగకు వచ్చిన పిల్లలచేత నొక పరీక్ష చేయింపవచ్చును. గుంటలను ఎకరములుగా మార్చు ఫంక్షను నొకటి వ్రాయించి, దానిని నూఱుకోట్లసార్లు పిలిపించి, పట్టిన కాలము చూడుడు. పిమ్మట దానిని పిలిచినచోట నాటవలదని కంపైలరునకు నిషేధము వ్రాయించి మరల జూడుడు. ఒక్క జాగ్రత్త గలదు. వచ్చిన ఫలితమును కూడి చివర నచ్చువేయింపవలయును. ఎవరికిని అక్కఱలేని లెక్కయని తెలిసినచో కంపైలరు దానిని పూర్తిగా నెగురగొట్టి, నూఱుకోట్ల పని క్షణములో ముగించినట్లు చూపించును.